కురుమూర్తి చారికి డెబ్బై

ఆధార్ కార్డుల జనవరి ఒకటి.
అది బడిపంతులు రాసిన పుట్టుక.
అసలు లెక్క వాళ్లమ్మది:
జాతరకు పోయే బండి ఇరుసు ఇరిగిన నాడు,
నాయిన తొవ్వల కొత్త ఇరుసు చెక్కుతుంటె
బండి నీడకే పుట్టిండట.
అందుకే కురుమూర్తి.

తారీఖు మేమే ఖాయం జేసి
ఖలీల్ భాయ్ స్నూకర్ పార్లర్ల కూడినం.
గడియారం చౌరస్తా ఎనుక, జిరాక్స్ దుకాణం మీద
నాలుగు పచ్చ బల్లలు.
కేకు బల్ల మీద పెట్టబోతె
"ఆ బట్ట మీద ఎంగిలి జెయ్యకుండ్రి" అని కసిరిండు.
స్టూలు మీద కోసినం.

తాత నాగండ్లు చేసిండు, నాయిన బండ్లు చేసిండు.
ట్రాక్టర్లొచ్చినంక
వడ్లోల్ల బాడిశెలు చూరుల తుప్పు పట్టినయి.
ఆ యేడే క్లబ్బు ఆఫీసరు ఒకాయన
ఇరిగిన క్యూ పట్టుకొని
మెట్టుగడ్డ కొట్టం ముంగట జీపు ఆపిండు.
"గొడ్డలికి కామ పెడ్తవు గదా, దీన్ని అతుకు."
మూడు దినాలు చారి అతకలేదు.
ఇరిగిన చోటునే చూసుకుంట కూసున్నడు.
నాలుగోనాడు
దాన్ని పక్కకు వెట్టి కొత్తది మొదలువెట్టిండు.

కొస దిక్కు బయటి దేశపు యాష్,
పట్టుకునే దిక్కు మన తునికి.
అటవీ డిపో వేలంల కొన్న మొద్దు.
ఆకంతా బీడీలకిచ్చిన చెట్టు
నడుమ నల్లగ కొంత దాచుకుంటది, చేవ.
దానికోసం బస్తెడు పొట్టు పోతది.
రోకలి పొన్ను చూసిన కండ్లతోటి
ఏలంత ఇత్తడి పొన్ను తొడుగుతడు,
ఆ మీద తోలు బిళ్ల.

కొలతలు టేపుతోటి తీయడు.
ముందుగాల నీ చెయ్యి పట్టుకుంటడు,
తర్వాత చాయ్ తెమ్మని పంపి
నువ్వు నడిచేది చూస్తడు.
ఆటో నడిపే బందెయ్యకు బరువు ఎనుకకు,
క్షౌరం జేసే సాయన్నకు ముందుకు.
ఎందుకని అడిగితె చెప్పడు.
ఇన్నేండ్లల్ల ఒక్క గోలీ తను కొట్టలేదు.
"నేను ఆడితె
అందరికీ నా చెయ్యే చేస్త" అంటడు.

శాలువా కప్పినం. ఇబ్బందిపడ్డడు.
దాన్ని మడిచి సంకల పెట్టుకొని
"కట్టెలు తెచ్చిండ్రా?" అన్నడు.
మూలకున్న షాబాదు బండ మీద
ఒక్కొక్కటి దొర్లిచ్చుడు మొదలువెట్టిండు.
తిన్నగున్న కట్టె సప్పుడు జెయ్యది.
బందెయ్యది సప్పుడు లేకుంట పోయింది.
సాయన్నది, నలభై యేండ్లది, నీళ్ల లెక్క పోయింది.
నాది
టక్, టక్, టక్.

పార్లరంతా ఇన్నది.
నేను కాలేజీల పాఠాలు చెప్పుకుంట
పదకొండేండ్లు దాన్ని ముట్టలేదు.
ఒక కన్ను మూసి కట్టె పొడుగునా చూసిండు,
ఆ కన్ను తెరిచి నన్ను చూసిండు.
"గోడకు ఒరగవెట్టినవ్."
అవునన్న.
"ఒరిగింది ఒంగుతది సారూ,
కట్టె తప్పు గాదు."
అందరు నవ్విండ్రు. నేనూ నవ్విన, జర ఆలస్యంగ.

ఇడిచిపెట్టి పోతనేమో అనుకున్నడో ఏమో
నా క్యూ తన సంకలకే పోయింది, శాలువా పక్కకు.
"దూలానికి ఏలాడదీస్త. వానలు పోనీ.
తిన్నగైతె అయితది. కాకుంటె
చేవ మంచిగనే ఉంది, కొస మారుస్త."

పొద్దుమీకి ఇంటికాడ దింపినం.
అటక మీద కట్టెలు, బట్టల చుట్టి,
ఒక్కోదాని మీద వడ్ల పెన్సిలు అంకెలు.
తెచ్చిన సంవత్సరమనుకున్న.
"కాదు, పనికొచ్చే సంవత్సరం" అన్నడు,
చెప్పులు ఇడుసుకుంట.
లైటు వెలుతురుల
అన్నిటికన్న కిందున్న దాని మీద చదివిన:
ఇంక తొమ్మిదేండ్లున్నది దానికి.
పేరు గూడ రాసిండు పక్కకు,
నిరుడు పుట్టిన సాయన్న మనుమనిది.